నేలకీ మూతికీ మధ్య

కాశీబుగ్గలో నేనెరిగిన ఏ ఇంట్లోనూ తివాచీ లేదు.
ఈ మిషను మూతి మాత్రం
తివాచీ కోసమే పుట్టింది.
జీడిపప్పు ఫ్యాక్టరీ రాతినేల మీద పెడితే
ఎదురొచ్చిన పొట్టునంతా ముందుకి తోసుకుపోయింది.
లోపల తిరిగే బ్రష్షేమో
పలుకు ముక్కల్ని
తిరగమోతలో ఆవాల్లా గోడకేసి కొట్టింది.

"దీనికి మరో మూతి చెయ్యగలవా?" అన్నారు మేనేజరు గారు.
నాది లేతు షాపు.
బోరు పంపులు, రైసుమిల్లు బేరింగులు, ఆటో ఇరుసులు.
గాలికి పనిముట్టు చెయ్యడం
నా తాతల నాడు లేదు.

చుట్టూ రబ్బరు అంచు కట్టి స్విచ్చి వేశాను.
జలగలా పట్టేసింది నేలని.
ఇద్దరం లాగితే గానీ ఊడలేదు.
మూడు మిల్లీమీటర్లు పైకి లేపితే
పొట్టు వచ్చింది, సన్నపొడి రాలేదు,
నన్ను చూస్తూ అక్కడే పడుకుంది.
చక్రాలు బిగించాను.
చక్రంలో ఇరుక్కున్న ఒక్క ఇసుక రేణువు
టెక్కలి నీలిరాయి మీద
గోడ నుంచి గోడ దాకా తెల్లగా గీసింది.
ఆ గీత ఇప్పటికీ ఉంది.
నా సంతకం అంటారు అక్కడివాళ్ళు.
నాలుగోది చెప్పుకోదగ్గది కాదు.

తవిటమ్మ ఇదంతా చూస్తూనే ఉంది,
పీలింగు సెక్షను గుమ్మంలో, చంకలో చీపురుతో.
పంతొమ్మిదేళ్ళుగా ఊడుస్తోంది ఆ నేలని.
ముందు పుట్టిన ముగ్గురూ దక్కలేదని
చేరెడు తవుడిచ్చి కొనుక్కున్నారట ఆమెని.
"అందుకే పొట్టూ నానూ సుట్టాలం బావూ" అని నవ్వింది.
నవ్వు వెనకే దగ్గు.

కొండచీపురు వాల్చి చూపించింది.
నొక్కలేదు.
కొన నేలకి తగిలీ తగలనట్టు.
చీపురు ఇంకా రాకముందే పొడి కదిలింది.
"సీపురు ఊడ్సదు బావూ,
సీపురు ముందు నడిసే గాలి ఊడుత్తాది.
నువ్వు దోవ మూసీసి రా రా అంటే
అదెలగొత్తాది?"

ఆ రాత్రి కరెంటు పోయి వచ్చి పోయి
రెండింటిదాకా షాపులోనే.
ముందు అంచుకి గంట్లు కోశాను,
పళ్ళూడిన దువ్వెనలాగ.
వెనక అంచు నిండుగా ఉంచాను.
ఈతకుంచె రాయిని గీరుతుందని
పెయింటరు గవరయ్య పారేసిన బ్రష్షుల్లోంచి
మెత్తని వెంట్రుకలు ఏరి వరసగా కుట్టాను.
చక్రాలు పీకేసి
పాత హార్మోనియం పెట్టెలోని ఉన్నిగుడ్డ అతికించాను.
నేలకీ మూతికీ మధ్య
రెండు పెళ్ళికార్డుల మందం.

పొద్దున్నే గుప్పెడు చోళ్ళు, దోసెడు పొట్టు,
తవిటమ్మ జుట్టులోంచి ఒక పొడుగాటి వెంట్రుక
పరిచి, మిషను నడిపాం.
చోళ్ళు గొట్టంలో గలగలమని పైకెక్కాయి.
వెంట్రుక కాస్త బెట్టు చేసి వెళ్ళింది.
అరచేత్తో నేల రాసి చూశాను.
రాయి చల్లగా, ఒట్టిగా ఉంది.

ఒకటే తేడా.
ఆరడుగుల మనిషి కోసం చేసిన గొట్టం,
ఆమె భుజాలు చెవుల దాకా లేచిపోతున్నాయి.
జానెడు కోసేశాను.
ఆ ముక్క నా బల్ల మీద
బిల్లుల కాగితాలు ఎగరకుండా కూర్చుంది.

మూలలకి వేరే మూతి గీశాను.
చిలకముక్కులా వంకర, వేలెడు వెడల్పు,
గోడ అంచున గాలి మెలి తిరిగేలాగ.
చేస్తే పనిచేస్తుంది. నాకు తెలుసు.

మేనేజరు గారు వేళ్ళు మడిచి లెక్కేశారు:
"మూలలు కూడా దీనికే అందితే
ఊడ్చేవాళ్ళు ముగ్గురెందుకు?"
"మూలలు అందవండీ" అన్నాను.
"వంక రాదు. చేతకాలేదు."

కాగితం సొరుగులో ఉంది,
ఆ రెండు పెళ్ళికార్డుల కింద.

నిన్న తవిటమ్మ మూల ఊడుస్తూ
"ఇన్ని తెలిసినోడివి,
ఇదొక్కటీ తెలవలేదేటి?" అంది.
తెలవలేదన్నాను.
చీపురు కొన ఒక క్షణం ఆగింది.
మళ్ళీ కదిలింది,
నొక్కకుండా.